దవడలో పెట్టే పొర ఏ జంతువుదో ముందే చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉండేది తెనాలి. ఈ ఉత్తరం నా పన్ను గురించే అయినా, దవడ ఎముక పెంచుకుని ఇంప్లాంట్ పెట్టించుకోబోయే వాళ్లందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. కాస్త పొడవైంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

నాకు పదేళ్లుగా షుగర్ ఉంది. చిగుళ్ల జబ్బుతో కుడివైపు కింది దవడ పన్ను కదిలిపోయి, రెండేళ్ల కిందట తీసేశారు. ఆ ఖాళీని అలాగే వదిలేశాను. పన్ను పోయిన చోట ఎముక నెమ్మదిగా సన్నబడిపోతుందని చదువుకున్నదాన్నే, నా విషయంలో మాత్రం బద్ధకించాను. చివరికి ఇంప్లాంట్ కోసం వెళ్తే, స్కాన్ చూసి డాక్టర్ గారు ఎముక వెడల్పు చాలదన్నారు. "ముందు బోన్ గ్రాఫ్ట్ పొడి పెట్టి, పైన మెంబ్రేన్ కప్పి కుట్లు వేస్తాం. ఆరు నెలలకు ఎముక వస్తుంది, అప్పుడు స్క్రూ బిగిద్దాం" అన్నారు. నేను సరేనన్నాను.

ఆపరేషన్ రోజు నాలుగు పేజీల ఇంగ్లిష్ కాగితం ఇచ్చి, టిక్కు పెట్టిన చోట్ల సంతకాలు చేయమన్నారు. టెన్షన్‌గా ఉన్నా చదివే చేశాను. అందులో రిసార్బబుల్ మెంబ్రేన్ అనీ, బోన్ సబ్‌స్టిట్యూట్ అనీ ఉంది. అంటే కరిగిపోయే పొర, ఎముకకు బదులు వాడే పదార్థం. అబద్ధం ఒక్కటీ లేదు. ఆ పొర దేనితో చేశారన్న మాట కూడా లేదు.

పది రోజులకు కుట్లు విప్పించుకోవడానికి వెళ్లాను. అమెరికాలో ఉన్న మా అమ్మాయికి పంపుదామని ఫైల్ అడిగి ఫొటోలు తీసుకుంటుంటే, లోపలి పేజీలో రెండు చిన్న స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. వాడిన ప్యాకెట్ల మీది స్టిక్కర్లవి. ఒకదాని మీద బొవైన్ అనీ, రెండోదాని మీద పోర్సిన్ అనీ ఉంది. కోరపళ్లను కెనైన్ అంటారు, ఆ పేరు కుక్క నుంచి వచ్చింది అని ఏటా పిల్లలకు చెప్పినదాన్ని. ఈ రెండు మాటలకు అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొడి గొడ్డు ఎముక నుంచి, పొర పంది చర్మం నుంచి వచ్చాయి.

మాది తరతరాలుగా శాకాహారపు ఇల్లు. మా అత్తగారు ఉన్నన్నాళ్లూ కోడిగుడ్డు గడప దాటి రాలేదు. నాకు అంత పట్టింపు లేదు, బయట తింటాను, నూనె గురించి ఆరా తీయను. అయినా ఆ రోజు ఇంటికొచ్చి దేవుడి గదిలోకి వెళ్లబోయి గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. సంధ్య దీపం ఆ పూట మావారు పెట్టారు. రాత్రి నాలుకతో ఆ చోటును తడుముకోకుండా ఉండలేకపోయాను. దాన్ని అసహ్యం అనలేను. నా ఒంట్లోకి ఒకటి వచ్చి చేరింది, వచ్చే ముందు నన్నెవరూ అడగలేదు. ఆ బాధే నన్ను నిద్రపోనివ్వలేదు.

వారం తర్వాత వెళ్లి డాక్టర్ గారినే అడిగాను. ఆయన మంచి మనిషి, చేతి పని కూడా చాలా శుభ్రంగా ఉంటుంది. అందుకే ఆయన పేరు గానీ, ఊరు గానీ ఇక్కడ రాయడం లేదు. "అమ్మా, అందులో కణాలేవీ ఉండవు. శుద్ధి చేసిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ మాత్రమే. ఎలాగూ కొన్ని నెలల్లో కరిగిపోతుంది. మీరు అడిగి ఉంటే చెప్పేవాణ్ణే" అన్నారు.

ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. అసలు అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని తెలియనివాళ్లు దాన్ని ఎలా అడుగుతారు? నాలాంటి సైన్సు టీచరుకే తట్టలేదు. పొలం పనికి వెళ్లి వచ్చి, పంటి నొప్పితో ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి తడుతుందా?

ఈ వైద్యానికి నేను వ్యతిరేకిని కాను. అది స్పష్టంగా చెప్పాలి కాబట్టి, ఆ పొర చేసే పని కాస్త వివరిస్తాను. దెబ్బ తిన్న చోట చిగుళ్ల కణాలు చాలా వేగంగా పెరుగుతాయి, ఎముక కణాలు చాలా నెమ్మది. అడ్డు లేకపోతే చిగురు ముందే దిగి ఆ ఖాళీని నింపేస్తుంది, ఇక ఎముకకు చోటుండదు. నారుమడిలోకి గొడ్లు దిగకుండా దడి కట్టినట్టు, ఆ పొర చిగురును కొన్నాళ్లు బయట ఆపుతుంది. ఆ వ్యవధిలో లోపల ఎముక పెరుగుతుంది. ఏ కణాలు ముందు చేరితే గాయం ఆ రకంగా మానుతుందన్న ఆలోచనను మెల్చర్ అనే శాస్త్రవేత్త 1976లో ముందుకు తెచ్చారు. 1982లో స్వీడన్‌లో నైమన్, ఆయన సహచరులు ఒక రోగి పంటి దగ్గర ప్రయోగశాలల్లో వాడే వడపోత పొరను అడ్డుపెట్టి, పన్నును పట్టి ఉంచే కణజాలం తిరిగి వస్తుందని చూపించారు. తర్వాత కొన్నేళ్లు టెఫ్లాన్ జాతి పొరలు వాడారు. మన దోసె పెనాల మీద పూసే టెఫ్లాన్ కుటుంబమే. అవి అడ్డుగా బాగానే పనిచేస్తాయి గానీ కరగవు. తీయడానికి మళ్లీ చిగురు కోయాలి. మధ్యలో చిగురు విచ్చుకుని పొర బయటపడితే క్రిములు చేరతాయి. కొల్లాజెన్ పొరకు రెండో కోత అక్కర్లేదు, మన ఒంట్లోని ఎంజైములే దాన్ని నెమ్మదిగా కరిగించేస్తాయి. డాక్టర్లు దాన్ని ఇష్టపడటంలో అర్థం ఉంది. నా వయసులో రెండో ఆపరేషన్ తప్పడం చిన్న విషయం కాదు.

కొల్లాజెన్ మన చర్మంలో, ఎముకలో, నరాల్లా కనిపించే స్నాయుబంధాల్లో అంతటా ఉండే ప్రొటీన్. మూడు పోగులు తాడులా పెనవేసుకున్నట్టుంటుంది. ఆ మూడు పేటల రూపాన్ని 1954, 55 సంవత్సరాల్లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రపంచానికి చెప్పారు. అదే నగరంలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థను తర్వాత నడిపించిన యలవర్తి నాయుడమ్మ గారు మా పక్క ఊరివారే, యలవర్రులో 1922లో పుట్టారు. క్లాసులో ఆయన గురించి చెప్పకుండా నేను ప్రొటీన్ల పాఠం ముగించేదాన్ని కాదు. తోలంటే ప్రధానంగా కొల్లాజెనే. ఈ గొడవ తర్వాత చదువుతుంటే ఒకటి తెలిసి ఆశ్చర్యపోయాను. దంతవైద్యంలో పొర త్వరగా కరిగిపోకుండా కొన్నింటిని గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో గట్టిపరుస్తారు. తోళ్లు పదును చేయడానికి వాడే రసాయనాల్లో అదీ ఒకటి.

జంతువుల కొల్లాజెన్, మన కొల్లాజెన్ చాలా దగ్గరగా ఉంటాయి. అందుకే మన ఒళ్లు దాన్ని పెద్దగా తిప్పికొట్టదు. పంది చర్మం, పశువుల మడమ వెనక ఉండే లావుపాటి స్నాయువు ఎక్కువగా వాడతారు. చేపల నుంచి తీసినవి కూడా ఉన్నాయి. కోసిన జంతువు నుంచే ఇవన్నీ వస్తాయి. మాంసం కోసం కోసినవాటిలో మిగిలిన భాగాలే తీసుకుంటారని డాక్టర్ గారు చెప్పారు. నాకు అది కొంత ఊరట. మా చెల్లెలికి ఏ మాత్రం ఊరట కాదు. ఇద్దరం ఒకే తల్లి పిల్లలమే!

ఇంకొకటి చదివాను, అది డాక్టర్ గారు చెప్పని సగం. కరిగిపోతుందన్న మాట పొరకు వర్తిస్తుంది. కింద పెట్టిన పొడికి వర్తించదు. గొడ్డు ఎముకలోని జీవపదార్థమంతా తీసేసి, ఖనిజం మాత్రం మిగిల్చి చేసే ఆ రవ్వ చాలా నెమ్మదిగా కరుగుతుంది. ఏళ్లు గడిచాక కూడా ఆ రవ్వలు కొత్త ఎముక మధ్య కనిపిస్తూనే ఉంటాయి. నిజానికి అదే దాని మంచి గుణం, ఎముక మళ్లీ కుంగిపోకుండా నిలబెడుతుంది. కానీ "నాలుగు నెలలు ఓర్చుకుంటే పోతుంది" అని మనసుకు సర్దిచెప్పుకున్న మనిషికి ఇది తెలియాలి కదా.

మా స్కూల్లో నాతో పాటు పనిచేసిన లెక్కల మాస్టారు ముస్లిం. నా సంగతి విన్నాక, తనకూ ఇంప్లాంట్ చేయించుకోవాలని ఉందని, వాళ్ల మత పెద్దల్ని కనుక్కున్నారు. వేరే దారి లేనప్పుడు ప్రాణావసరం కోసం వాడొచ్చు, వేరే దారి ఉంటే అదే చూసుకోమన్నారట. ఆయన వెళ్లి తన డాక్టర్‌ని ముందే అడిగితే, రెండు రోజుల్లో చేప కొల్లాజెన్ పొర తెప్పించారు. అడగడంతోనే ఆ పని అయిపోయింది. మా తమ్ముడు మాంసాహారి. "అక్కా, నాకైతే ఏదైనా ఒకటే, పన్ను గట్టిగా ఉంటే చాలు" అన్నాడు. ఆ మాట వాడు అనాలి. వాడి తరఫున డాక్టర్ అనుకోకూడదు, నా తరఫునా అనుకోకూడదు.

మతం, ఆచారం సంగతి పక్కన పెట్టినా, వైద్యం కోసమైనా చెప్పాల్సిన విషయం ఇది. కొల్లాజెన్ పడనివారికి వాడొద్దని కొన్ని ప్యాకెట్ల లోపలి కాగితంలోనే రాసి ఉంటుంది. చేపలు పడక ఒళ్లంతా దద్దుర్లు లేచే మనుషులు మన ఇళ్లలోనే ఉన్నారు. ఏ జంతువుదో చెప్పకుండా "మీకు ఏమైనా అలర్జీ ఉందా" అని అడిగితే, ఆ మనిషి పెన్సిలిన్ గురించి ఆలోచిస్తాడు గానీ చేపల గురించి చెప్పడు.

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. కుట్ల దారానికి వాడే రకం కృత్రిమ పదార్థంతో చేసిన, కరిగిపోయే పొరలున్నాయి. అవి జంతువులవి కావు. కరిగేటప్పుడు ఆమ్లం విడుదలై కొందరికి ఆ చోట వాపు రావచ్చు. టెఫ్లాన్ పొర సంగతి ముందే చెప్పాను. పొడి బదులు మన దవడ వెనక నుంచే కాస్త ఎముక తీసి పెట్టొచ్చు, అప్పుడు రెండు చోట్ల కోత. పూర్తిగా కృత్రిమమైన కాల్షియం ఫాస్ఫేట్ పొడులూ ఉన్నాయి. మన రక్తం కొంచెం తీసి, మిషన్లో తిప్పి జిగురులాంటి పొర తయారుచేసే పద్ధతి ఫ్రాన్స్ నుంచి 2001లో వచ్చింది. చౌకే గానీ ఒకటి రెండు వారాల్లోనే కరిగిపోతుంది, నా దవడలాంటి పెద్ద లోటుకు ఒంటరిగా చాలదు. ప్రతిదానికీ ఒక మంచి, ఒక ఇబ్బంది. ఈ మాటలన్నీ తెలుగులో చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు. నాకు టైమర్ పెట్టుకుని పాఠం చెప్పే అలవాటు, అందుకే ఇంత నమ్మకంగా రాస్తున్నాను.

ఇవన్నీ ముందే తెలిస్తే నేను ఏం కోరుకునేదాన్ని? చాలా రోజులు ఆలోచించాను. ఎముక బాగా తగ్గిపోయింది, షుగర్ ఉంది, రెండో కోత మానడం కష్టం. బహుశా కొల్లాజెన్‌కే ఒప్పుకునేదాన్ని. ఇంట్లో మావారితో మాట్లాడి, ఒక రాత్రి మథనపడి, పొద్దున్నే దేవుడికి చెప్పుకుని వెళ్లేదాన్ని. జరిగిన పని అదే అయినా, అప్పుడైతే ఆ కుర్చీలో నా ఇష్టంతో కూర్చునేదాన్ని.

బిస్కెట్ ప్యాకెట్ కొంటే ఆకుపచ్చ చుక్క చూసుకుంటాం. నాలుగు రూపాయల చాక్లెట్ మీద కూడా ఆ గుర్తు ఉండాలని మన దేశంలో నిబంధన ఉంది. నా బిల్లులో "జీబీఆర్ – 22,000" అని ఒకే లైను ఉంది. పొర అడ్డుపెట్టి ఎముక పెంచే ఈ వైద్యానికి ఇంగ్లిష్ పొట్టిపేరు అది. ప్యాకెట్ మీద జంతువు పేరు ముద్రించే ఉంటుంది, కానీ ఆ ప్యాకెట్ ఆపరేషన్ గదిలో తెరుచుకుంటుంది. అప్పటికి నోరు మొద్దుబారి, ముఖం మీద గుడ్డ కప్పి ఉంటారు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకున్నాను. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, రోగి అంగీకారం అంటే సంతకం ఒక్కటే కాదని స్పష్టం చేసింది. చేయబోయేది ఏమిటి, ఎందుకు, వేరే మార్గాలేమైనా ఉన్నాయా, ప్రమాదాలేమిటి అన్నవి రోగికి తగినంతగా చెప్పి తీసుకున్నదే అంగీకారం. పంది పొరా, చేప పొరా, కృత్రిమ పొరా అన్నది వేరే మార్గాల కిందకే వస్తుందని నా అభిప్రాయం. లాయర్లు మరోలా అనొచ్చు. కానీ నాలాంటి మనిషిని కూర్చోబెట్టి అడిగితే వచ్చే జవాబు ఇదే.

కాబట్టి రెండు రాష్ట్రాల డెంటల్ కౌన్సిళ్లను, దంతవైద్యుల సంఘాలను నేను కోరేది ఒక్క కాగితం. పొర, పొడి వాడే ప్రతి ఆపరేషన్‌కు ముందు, కనీసం ఒక రోజు ముందు, రోగికి తెలుగులో ఇవ్వాలి. నేను రాసిన నమూనా ఇది: "మీ చిగురు కింద పెట్టే పొరను ఫలానా జంతువు నుంచి తీశారు. ఎముక పొడిని ఫలానా జంతువు నుంచి తీశారు. పొర కొన్ని నెలల్లో కరుగుతుంది, పొడి చాలా ఏళ్లు ఉండవచ్చు. ఇవి వద్దనుకుంటే ఉన్న వేరే మార్గాలు, వాటి ఖర్చు, ఇబ్బందులు ఇవి." ఫలానా అన్నచోట పంది, గొడ్డు, చేప, గుర్రం, ఏదైతే అది, తెలుగు మాటలోనే రాయాలి. పోర్సిన్ అని రాస్తే రాయనట్టే. చదువు రానివారికి చదివి వినిపించాలి. ఆపరేషన్ అయ్యాక ఆ రెండు స్టిక్కర్ల ఇంకో జత రోగి చేతికివ్వాలి. రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్ చూసినా, లోపల ఏముందో తెలుస్తుంది.

ఇప్పటికే ఇలాంటి వైద్యం చేయించుకున్నవాళ్లు ఈ ఉత్తరం చదివి కంగారు పడొద్దని వేడుకుంటున్నాను. పొరను తీయించేసుకుంటామని పరుగులు పెట్టకండి. మానుతున్న గాయాన్ని కెలికితే నష్టం మీకే. నేనూ తీయించుకోలేదు. నాకు ఎముక బాగా వచ్చింది, స్క్రూ బిగిసింది, పోయిన నెల దాని మీద పన్ను కూడా పెట్టారు. రెండేళ్ల తర్వాత కుడివైపు నమిలి వేరుశెనగ పలుకులు తిన్నాను. దేవుడి గదిలోకి వెళ్లడం కూడా చాలా రోజుల కిందటే మొదలుపెట్టాను. అది నాకూ ఆయనకూ మధ్య సంగతి.

ఎడమవైపు పై పన్ను ఒకటి కదులుతోంది, దానికీ ఇదే వైద్యం కావాలట. డాక్టర్‌ని మార్చమని మా అమ్మాయి ఫోన్లో గట్టిగా చెప్పింది. నేను మార్చలేదు. పై నమూనాను తెల్లకాగితం మీద రాసి, జిరాక్స్ తీయించి, ఆయనకే తీసుకెళ్లి ఇచ్చాను. ముందు పాత ఆపరేషన్‌కు నింపి ఇవ్వండి, ఆ తర్వాతే కొత్తదాని మాట అన్నాను. ఆయన కాగితం రెండుసార్లు చదివారు. పొర అన్న లైను దగ్గర పెన్ను కాసేపు ఆగింది. తర్వాత "పంది" అని తెలుగులో రాసి, కింద సంతకం పెట్టి, "ఇంకో పది కాపీలు ఉన్నాయా అమ్మా?" అని అడిగారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
తెనాలి